“ఆయనకేటి కావాలట?”

మా చిన్నాన్నకి చూపు పోయి తొమ్మిదేళ్లయింది. గ్లకోమా. తెలిసేసరికే నరం చాలావరకు దెబ్బతింది. అంతకుముందు ముప్పై ఏళ్లు ఆయన నెల్లిమర్లలో జూట్ మిల్లు పని చేశాడు. నార చేత్తో పట్టుకుని తేమ ఎంతుందో చెప్పగలిగేవాడు. కళ్లు పోయినా ఆ చేతులు అలాగే ఉన్నాయి.

పోయిన సంక్రాంతి ముందు ఆయనకి పంచె కొందామని ఇద్దరం విజయనగరంలో పాసింజరెక్కి పొందూరు వెళ్లాం. కొట్లో మర్యాదగానే చూశారు. కుర్చీ వేశారు, మంచినీళ్లిచ్చారు. తర్వాత కొట్టాయన నా వైపు తిరిగి, “ఆయనకేటి కావాలటమ్మా? పంచా, లాల్చీ గుడ్డా?” అని అడిగాడు.

చిన్నాన్న నా పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆ మాట ఆయనకీ వినపడింది. నేను చెయ్యాల్సిన పని ఒక్కటే, చిన్నాన్నని అడగమని చెప్పడం. చెప్పలేదు. “పంచెండి, అంచు సన్నంగా ఉన్నవి తీయండి” అని నేనే జవాబిచ్చేశాను. కొట్టాయనా నేనూ కలిసి నాలుగు పంచెలు విప్పి చూసి, ఒకటి ఖాయం చేసి, ధర దగ్గరికి కూడా వచ్చేశాం. అప్పుడు చిన్నాన్న చెయ్యి చాపి, మడత మీద బొటనవేలూ చూపుడువేలూ పెట్టి మెల్లగా రుద్దాడు. “ఇది కాస్త ముతక రకం బాబూ. నూరో నంబరు నూలుది ఉంటే తీయి” అన్నాడు.

కొట్టాయన లోపలికెళ్లి ఇంకోటి తెచ్చాడు. ఈసారి నా ముందు పరవలేదు, చిన్నాన్న ఒళ్లో పెట్టాడు. ఆ తర్వాత అరగంటసేపు వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో ఎలా ఏకుతారో, ఆ పళ్ల మధ్య నుంచి పీచు ఎలా చిక్కు విడిపోతుందో ఆయన చెబుతుంటే, చిన్నాన్న జనపనార ఎలా దువ్వేవాళ్లో చెప్పాడు. బేరం కూడా చిన్నాన్నే ఆడాడు.

ఇంటికొచ్చాక నన్ను తొలిచిన ముక్క ఆ “అట”. తెలుగులో “అట” అనేది ఎదురుగా లేని మనిషి మాట చెప్పేటప్పుడు పెడతాం. రేపు వస్తాడట, ఒంట్లో బాగాలేదట అంటాం. ఎదురుగా కూర్చున్న మనిషి గురించి “ఏటి కావాలట” అని అడిగామంటే, ఆ మనిషిని అక్కడ లేనట్టు లెక్కేశామన్నమాట. కొట్టాయన చెడ్డవాడు కాదు. నేను చిన్నాన్నంటే ప్రాణం పెట్టే మనిషిని. అయినా ఇద్దరం కలిసి ఆయన్ని పక్కన పెట్టేశాం. చెడ్డతనం లేకుండానే జరిగిపోతుంది కాబట్టే దీన్ని విప్పి చూడాలనిపించింది.

నేనూ కౌంటరు వెనకాల మనిషినే. విజయనగరంలో మాకు చిన్న మందుల షాపు ఉంది. ఏడెనిమిదేళ్ల కిందట ఒక అమ్మాయి తన మరిదితో వచ్చింది. పాతికేళ్లుంటాయి. వినపడదు, మాట రాదు. మందుల చీటీ ఆ అమ్మాయిదే. నేను మాత్రం మరిదినే అడిగాను. ఎన్నాళ్ల నుంచి నొప్పి, నెలసరి ఎప్పుడొచ్చింది, ఇంకేమైనా వాడుతోందా అని. ఆ కుర్రాడు తలవంచుకుని “నాకు తెలీదండి” అన్నాడు. ఆ అమ్మాయి నా పెదాల వంకే చూస్తోంది. నేనేం అడుగుతున్నానో, ఎవర్ని అడుగుతున్నానో ఆమెకి అర్థమైపోయింది. మందులు తీసుకోకుండానే వెళ్లిపోయింది. రెండు రోజుల తర్వాత ఒక్కతే వచ్చి, ఫోన్లో టైపు చేసి కౌంటరు మీద పెట్టింది. “నన్ను అడగండి” అని ఉంది అందులో.

ఆ రెండు ముక్కలే ఈ విషయానికంతటికీ మూలం అని నాకిప్పుడు అనిపిస్తుంది.

మన దగ్గర స్వతంత్రం అనగానే ఎవరి సాయం లేకుండా తన పని తాను చేసుకోవడం అనుకుంటాం. ఆ లెక్కన చూస్తే చూపులేని మనిషి, నడవలేని మనిషి స్వతంత్రంగా బతకడమన్న మాటే పొసగదు. కానీ ఆ లెక్కన ఎవరూ స్వతంత్రులు కారు. మా షాపుకి సరుకు దించేది కళాసీలు, లెక్కలు రాసేది ఆడిటరు, నా కళ్లజోడు తీసేస్తే చీటీ మీద అక్షరం కనపడదు. ఇంతమంది మీద ఆధారపడుతున్నా నన్నెవరూ “ఈవిడకేటి కావాలట” అని మా ఆయన్ని అడగరు. ఏ మందులు తెప్పించాలి, ఎవరికి అప్పివ్వాలి అన్నది నేనే తేల్చుకుంటాను. స్వతంత్రం చేతుల్లోనూ కాళ్లలోనూ ఉండదు, ఆ తేల్చుకోవడంలో ఉంటుంది. చిన్నాన్నకి నా భుజం కావాలి. నా నిర్ణయం అక్కర్లేదు.

కాబట్టి సాయం చెయ్యాలా వద్దా అనే ప్రశ్న దగ్గర ఆగిపోతే ముడి విడదు. సాయం ఎవరు అడిగారు, ఎంతవరకు అడిగారు, వద్దంటే ఆపామా అని చూసుకోవాలి.

చట్టం కూడా ఈ వైపే నిలబడింది. ఐక్యరాజ్యసమితి 2006లో వికలాంగుల హక్కుల ఒడంబడిక తెచ్చింది. మన దేశం 2007 అక్టోబరు 1న దాన్ని ఆమోదించింది. దాని మూలసూత్రాల్లో మొట్టమొదటిదే మనిషి గౌరవం, సొంత ఎంపికలు చేసుకునే స్వేచ్ఛ, స్వతంత్రం. దానికి తగ్గట్టు మన పార్లమెంటు 2016లో కొత్త చట్టం చేసింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అది అమల్లో ఉంది. 1995 నాటి పాత చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. ఇప్పుడు 21 ఉన్నాయి. పార్కిన్సన్స్ లాంటి నరాల జబ్బులూ, తలసీమియా, సికిల్ సెల్ లాంటి రక్త జబ్బులూ అందులో చేరాయి. అంటే మన ఎదుట నిలబడ్డ మనిషికి వైకల్యం ఉందో లేదో చూడగానే తెలిసే రోజులు పోయాయి. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తమ్మీద 2.68 కోట్ల మంది వికలాంగులు తేలారు. అది కూడా పాత పద్ధతిలో లెక్కపెట్టినప్పటి మాట.

ఈ చట్టం సర్కారు ఆఫీసులకే అనుకుంటారు చాలామంది. జనానికి సేవలందించే ప్రైవేటు సంస్థలకీ ఇది వర్తిస్తుంది. చట్టాన్ని అతిక్రమిస్తే మొదటిసారి 10,000 రూపాయల దాకా జరిమానా. మళ్లీ జరిగితే 50,000 నుంచి 5 లక్షల వరకు. నలుగురిలో కావాలని అవమానిస్తే 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు కూడా ఉంది.

అందులో నాకు బాగా నచ్చినది, బయట ఎవరూ పెద్దగా మాట్లాడనిది 13వ సెక్షన్. అందరితో సమానంగా ఆస్తి ఉంచుకోవడం, తన డబ్బు వ్యవహారాలు తానే చూసుకోవడం, బ్యాంకు అప్పు తీసుకోవడం వికలాంగుల హక్కు అంటుంది. అక్కడితో ఆగదు. సాయం చేసే మనిషికి ఆ వ్యవహారంలో సొంత లాభం ఉంటే, ఆ పనిలో సాయం నుంచి తప్పుకోవాలి అంటుంది. సాయం పొందే మనిషి ఆ ఏర్పాటుని ఎప్పుడైనా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు అని కూడా రాశారు. పొలం కాగితాల మీద సంతకానికి అంధుడైన అన్నని తీసుకొచ్చే తమ్ముడు మన జిల్లాల్లో కొత్త కాదు కదా. “ఆయన తరఫున నేను చెబుతున్నాను” అనే మాట విన్నప్పుడు, కౌంటరు ఇవతలి మనిషి ఒక్క క్షణం ఆగి అసలు మనిషిని అడగాలన్నదే ఈ సెక్షన్ సారం అని నాకనిపిస్తుంది.

బ్యాంకు సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ముడి బాగా బిగుసుకున్నది అక్కడే. చూపు పోయిన రెండో ఏట చిన్నాన్న ఒక బ్యాంకులో చెక్‌బుక్ అడిగాడు. “మీరు మీ ఆవిడతో జాయింట్ ఖాతా చేసుకోండి బాబూ, ఏటియం కార్డు కూడా ఆవిడ దగ్గరుంటే మంచిది, రేపు ఎవరైనా మోసం చేస్తే మాకు మాట వస్తుంది” అన్నాడు కౌంటర్లో కుర్రాడు. అన్నది మంచిగానే, నెమ్మదిగానే. ఆ కుర్రాడు నిజంగా భయపడ్డాడు కూడా. మోసం జరిగితే మాట పడేది అతనే మరి. కానీ ఆ భయానికి మందు కస్టమర్ హక్కు తీసెయ్యడం కాదు. అంధులు చట్టప్రకారం ఒప్పందం చేసుకోగలిగిన మనుషులే. చెక్‌బుక్, ఏటియం, నెట్ బ్యాంకింగ్, లాకరు, అప్పులు, క్రెడిట్ కార్డు, ఏదీ వాళ్లకి కాదనకూడదని రిజర్వు బ్యాంకు 2008 జూన్‌లోనే అన్ని బ్యాంకులకీ రాసింది. ఇంకొకరి పేర రాసే చెక్కులకి కూడా ఇది వర్తిస్తుందని విడిగా చెప్పింది. చిన్నాన్నకి అప్పుడు ఇదేం తెలీదు. “ఇవ్వం అన్న సంగతి కాగితం మీద రాసిచ్చి సంతకం పెట్టు బాబూ” అన్నాడు. వారం తిరక్కుండా చెక్‌బుక్ ఇంటికొచ్చింది. ఎవరికైనా ఇలాంటిది ఎదురైతే నేను మొదట చెప్పే సలహా ఇదే. నోటితో కాదన్న మాట కాగితం మీద రాయడానికి వెనకాడతారు.

ఏటియంల సంగతీ అంతే. 2014 జులై 1 నుంచి కొత్తగా పెట్టే ప్రతి ఏటియమూ మాట్లాడేదిగా, మీటల మీద బ్రెయిలీ చుక్కలతో ఉండాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. ఇయర్‌ఫోను పెట్టుకుంటే మెషిన్ చెవిలోనే చెబుతుంది. ఆ రంధ్రం ఎక్కడుందో కాపలా మనిషికి తెలిస్తే చాలు, చిన్నాన్న పిన్ ఇంకెవరికీ చెప్పక్కర్లేదు. అది తెలీకపోతే “నంబరు చెప్పండి బాబూ, నేను కొడతాను” అంటాడు. అప్పుడు సాయం చేసిన చేతికే ఖాతా తాళం ఇచ్చినట్టు అవుతుంది.

డబ్బు లెక్క దగ్గర నేను దగ్గరుండి చూసింది చెబుతాను. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకి 6,000 రూపాయలయింది. ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికే తెస్తారు. చిన్నాన్న చేతిలో పన్నెండు ఐదొందల కాగితాలు పెడతారు. ఆయన ఒక్కొక్క నోటూ అంచు దగ్గర వేలితో తడుముతాడు. ఐదొందల నోటు మీద ఉబ్బెత్తుగా ఒక వృత్తం, అంచుల్లో ఏటవాలుగా ఐదు గీతలు ఉంటాయి. వంద మీద త్రికోణం, నాలుగు గీతలు. పొడవుల్లోనూ తేడా ఉంది. ఐదొందలది 150 మిల్లీమీటర్లు, రెండొందలది 146, వందది 142. వెడల్పు మూడింటికీ 66 మిల్లీమీటర్లే. తేడా నాలుగు మిల్లీమీటర్లు! కొత్త కాగితమైతే వేలికి దొరుకుతుంది. నలిగినదైతే గీతలు అరిగిపోతాయి. అప్పుడు ఫోన్లో మణి యాప్ తీస్తాడు. నోటు విలువ చెప్పే ఆ యాప్‌ని రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న విడుదల చేసింది.

ఇదంతా అవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. పింఛను తెచ్చే అమ్మాయి ఆ నాలుగు నిమిషాలూ నిలబడుతుంది. “నేను లెక్కపెట్టే తెచ్చాను తాతగారూ” అని తొందరపెట్టదు. ఆ పిల్లని చూసే నేను షాపులో చిల్లర ఇచ్చే పద్ధతి మార్చుకున్నాను. చూపులేనివాళ్లకి చిల్లర కట్టగా ఇవ్వను. “ఇది రెండొందలు, ఇది వంద, ఇవి రెండు ఇరవైలు” అని పేరు చెప్పి ఒక్కోటీ చేతిలో పెడతాను. వాళ్లు సర్దుకునేదాకా వెనకాలవాళ్లని ఆపుతాను. వరసలో ఉన్నవాళ్లెవరూ ఇంతవరకు కాదనలేదు.

ఫోన్‌పే, గూగుల్‌పే వచ్చాక కొంత తేలికైంది, కొంత బరువైంది. తెర మీద ఉన్నది చదివిపెట్టే టాక్‌బ్యాక్ ఆన్ చేసుకుంటే చిన్నాన్న సొంతంగా డబ్బు పంపగలడు. కౌంటరు మీద సౌండ్ బాక్స్ “నూట నలభై రూపాయలు వచ్చాయి” అని పైకి చెబితే ఆయనకీ నమ్మకం. చిక్కల్లా క్యూఆర్ కోడ్ దగ్గరే. అది ఎక్కడ అతికించి ఉందో తెలీదు, కెమెరా ఎటు పట్టాలో తెలీదు. వెంటనే ఎవరో ఒకరు “ఇలా ఇవ్వండి” అని ఫోను లాక్కుంటారు. లాక్కోవద్దు. షాపు ఫోను నంబరు చెబితే సరిపోతుంది, ఆయనే కొట్టుకుంటాడు. లేదా కోడ్ ఉన్న అట్ట తీసి ఆయన ఫోను ముందు పట్టుకుంటే చాలు.

ఈ డిజిటల్ గడప ఎంత ఎత్తుగా ఉంటుందో అన్న సంగతి 2025లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆన్‌లైన్‌లో ఖాతా తెరవాలంటే కెమెరా ముందు కళ్లు ఆర్పి చూపించమంటారు కదా. యాసిడ్ దాడిలో కళ్లు, కనురెప్పలు దెబ్బతిన్న ఆడవాళ్లు ఎలా ఆర్పుతారు? చూపులేనివాళ్లు తెర మధ్యలోకి ముఖం ఎలా తెస్తారు? ప్రజ్ఞా ప్రసూన్ కేసులో ఏప్రిల్ 30న కోర్టు తీర్పు చెప్పింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలో 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనంది. ఖాతాదారు ఎవరో సరిచూసుకునే కేవైసీ పద్ధతిని అందరికీ వీలయ్యేలా మార్చమని 20 ఆదేశాలిచ్చింది. బతికే ఉన్నానని నిరూపించుకోవడానికి కన్ను ఆర్పడం ఒక్కటే దారి కాదని చెప్పించుకోవడానికి అంత దూరం పోవాల్సి వచ్చిందంటే నాకు చాలా బాధేసింది.

“అందరినీ ఒకేలా చూస్తాం, తేడా లేదు” అని గర్వంగా చెప్పే కొట్లున్నాయి. ఉద్దేశం మంచిదే, కానీ ఆ మాటలో ఒక మెలిక ఉంది. అందరికీ ఒకే మెట్లు పెట్టి “తేడా చూపలేదు” అంటే చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి రోడ్డు మీదే ఉండిపోతాడు. అందుకే చట్టం సహేతుకమైన సర్దుబాటు అనే మాట వాడింది. మోయలేని భారం పడకుండా, ఆ మనిషి మిగతావాళ్లతో సమానంగా పని జరుపుకోవడానికి కావాల్సిన మార్పు చెయ్యడం. మాటల్లో పెద్దదిగా ఉంది గానీ చేతల్లో చాలా చిన్నది. మా షాపులో అది రబ్బరు బ్యాండు. చూపులేనివాళ్లు మందులు కొంటే, పొద్దున్న ఒక్కటే వేసుకునే స్ట్రిప్‌కి ఒక బ్యాండు, పొద్దున్నా రాత్రీ వేసుకునేదానికి రెండు చుడతాం. ఈ ఆలోచన నాది కాదు, చిన్నాన్నది. అయితే అందరికీ అదే చుట్టెయ్యను. “ఎలా గుర్తుపెట్టుకుంటారు?” అని అడుగుతాను. ఒకాయన స్ట్రిప్ మూల కత్తిరించమంటారు. ఒకావిడ డబ్బాలు వేరుచేసి ఇమ్మంటుంది.

వినపడనివాళ్ల విషయంలో మనం చేసే మొదటి పని గొంతు పెంచడం. దాంతో లాభం లేకపోగా పెదాల కదలిక చెదిరిపోతుంది. ముఖాన వెలుతురు పడేలా ఎదురుగా నిలబడి, మామూలు వేగంతో మాట్లాడితే పెదాలు చదివేవాళ్లకి అందుతుంది. రాసి చూపించడం మంచిదే. అయితే పుట్టు బధిరుల్లో చాలామందికి సైగల భాషే మాతృభాష. తెలుగు వాళ్లకి రెండో భాష లాంటిది. పొడుగాటి వాక్యాలు రాస్తే చిక్కే. నేను కవరు మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ వేసి పక్కన మాత్రల సంఖ్య రాస్తాను. పోనుపోనూ కొన్ని సైగలు నేనూ నేర్చుకున్నాను. ఆ “నన్ను అడగండి” అమ్మాయే నేర్పింది.

నత్తిగా మాట్లాడేవాళ్లకీ, మెదడు దెబ్బతిని కండరాల మీద పట్టు తగ్గే సెరిబ్రల్ పాల్సీ వల్ల మాట ముద్దగా వచ్చేవాళ్లకీ కావాల్సింది సమయం ఒక్కటే. వాక్యం వాళ్లు పూర్తి చేసుకునేదాకా ఆగాలి, మధ్యలో మనం అందించకూడదు. అర్థం కాకపోతే తలూపెయ్యకుండా “మళ్లీ ఒకసారి చెప్పండి” అనడంలో తప్పేం లేదు. మందుల షాపులో అర్థం కాకుండా తలూపితే ప్రాణం మీదకొస్తుంది.

దారి చెప్పడం కూడా ఒక విద్యే. “ఇటు రండి, అక్కడుంది” అంటే చూపులేని మనిషికి ఏమీ చెప్పనట్టే. “మీ ఎడమ చేతి పక్క రెండడుగుల్లో కుర్చీ ఉంది” అనాలి. చెయ్యి పట్టుకుని లాగితే కాలు తడబడుతుంది. అడిగి, ఒప్పుకుంటే, మన మోచెయ్యి ఆయన్ని పట్టుకోమని అర అడుగు ముందు నడవాలి. మన ఒంటి కదలికని బట్టే మెట్టు వచ్చిందో మలుపు వచ్చిందో ఆయనకి తెలుస్తుంది. తెల్లకర్రనీ, చక్రాల కుర్చీనీ అడక్కుండా ముట్టుకోవద్దు. కుర్చీ ఆ మనిషి ఒంట్లో భాగం లాంటిది. తెలియని మనిషి వచ్చి మన నడుం పట్టుకుని ముందుకి తోస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అపాయం వస్తుంటే అడగడానికి టైముండదు, నిజమే. అప్పుడు కూడా “జాగ్రత్త!” అని అరిస్తే ఎటు జాగ్రత్తో తెలీదు. “ఆగండి, ముందు కాలువ ఉంది” అనాలి.

జాలి సంగతి చెప్పడం కష్టం, ఎందుకంటే అది ప్రేమ లాగే కనపడుతుంది. చిన్నాన్న టీ తాగితే డబ్బులొద్దంటారు కొందరు. “పోన్లే బాబూ, నీ దగ్గరేం తీసుకుంటాం” అంటారు. ఆయన మిల్లులో పనిచేసి ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేసిన మనిషి. ఆ పది రూపాయలు వద్దనగానే ఆయన ముఖం ఎలా వాడిపోతుందో నేను చూశాను. డబ్బు తీసుకోవడం కూడా ఒక మర్యాదే. గుడి క్యూలో ముందుకి పంపడం అలా కాదు, గంటలకొద్దీ నిలబడలేని మనిషికి అది న్యాయమైన సర్దుబాటే. అయినా పైడితల్లమ్మ గుడిలో చిన్నాన్న వరసలోనే నిలబడతానంటాడు. నిలబడగలడు, నలుగురితో కబుర్లు చెబుతాడు. ముందుకెళ్లే వీలుందని చెప్పి ఊరుకోవాలి, ఎత్తుకెళ్లినట్టు తీసుకెళ్లకూడదు.

పిలుపు గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. వికలాంగులు అనాలా, దివ్యాంగులు అనాలా, ప్రభుత్వం శాఖకి పెట్టినట్టు విభిన్న ప్రతిభావంతులు అనాలా అని. దివ్యాంగులన్న మాట నచ్చనివాళ్లు వికలాంగుల్లోనే చాలామంది ఉన్నారు. నన్నడిగితే కౌంటరు దగ్గర ఆ చర్చ అక్కర్లేదు. మిగతావాళ్లని ఎలా పిలుస్తామో అలాగే. బాబుగారూ, అమ్మా, మాస్టారూ.

అన్నిటికన్నా గట్టి అడ్డు “మీ క్షేమం కోసమే” అనే మాట. 2012 ఫిబ్రవరిలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న జీజా ఘోష్ అనే ఆవిడ ఒక సదస్సుకని కోల్‌కతాలో గోవా విమానం ఎక్కి కూర్చున్నారు. ఆమె పరిస్థితి బాగాలేదని సిబ్బందే అనుకుని దించేశారు. ఆమె సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2016 మే 12న కోర్టు 10 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. ఆ సిబ్బంది కూడా క్షేమం పేరే చెప్పారు. తన క్షేమం సంగతి ఆమే చెప్పగలదు, చెబుతూనే ఉంది. వినలేదు.

మా ఇంట్లోనూ ఇదే జరుగుతుంది, చిన్న ఎత్తున. చిన్నాన్న ఒకసారి పసుపురంగు చొక్కా గుడ్డ కొన్నాడు. రంగేంటో అడిగి మరీ కొన్నాడు. “ఈ వయసులో పసుపేంటి చిన్నాన్నా, ఎవరైనా ఏమైనా అనుకుంటారు” అన్నాను. “కనపడే రోజుల్లో తెల్లవే కట్టాను అమ్మడూ. పసుపు నాకు బాగా గుర్తుంది” అన్నాడు. చూపున్న మనిషికి నచ్చని రంగు కొనే హక్కు, ఎక్కువ ధర పెట్టి మోసపోయే హక్కు కూడా ఉంటాయి. మనం రోజూ వాడుకుంటూనే ఉన్నాం. వికలాంగుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం తప్పు జరగని జీవితమే ఇస్తామంటాం.

ఈ విజయనగరంలోనే ఆ జీవితాన్ని వేరేగా చూసినవాళ్లున్నారు. 1919లో మహారాజా విజయరామ గజపతి ఇక్కడ సంగీత పాఠశాల పెట్టడానికి అంధుడైన ఒక కుర్రాడే కారణమని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ కుర్రాడికి నెలకింతని ఇచ్చి ఇంట్లో కూర్చోబెట్టడం రాజుకి ఎంత పని? బడి పెట్టించాడు. కోటవైపు వెళ్లినప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది.

ఇక మా షాపు మెట్ల సంగతి. మురుక్కాలువ మీద కట్టిన గట్టు కాబట్టి రోడ్డుకీ షాపుకీ మధ్య మూడు మెట్లు, 18 అంగుళాల ఎత్తు. ర్యాంపు వాలు పన్నెండుకి ఒకటి మించకూడదు. అంటే అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. మాకు 18 అడుగుల ర్యాంపు కావాలి. నేరుగా కడితే రోడ్డు సగం తినేస్తుంది. అందుకే ఊళ్లో చాలా చోట్ల నిటారుగా నాలుగడుగుల సిమెంటు వాలు వేసి ర్యాంపని పేరు పెడతారు. దాని మీద సైకిలే జారుతుంది, చక్రాల కుర్చీ మాట దేవుడెరుగు. రాజీవ్ రతూరీ కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు చెప్పింది ఇలాంటి వాటి గురించే. అందుబాటు ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, కనీసం కొన్నైనా తప్పనిసరి చెయ్యాలంది. అలా మార్చమని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది.

మేం ముందుగా చేసింది కింది మెట్టు దగ్గర గంట పెట్టడం. మూడు చక్రాల బండి మీద వచ్చే ఒకాయన గంట కొడితే నేనే కిందికి దిగి అడిగి, మందులు తెచ్చిస్తాను. చాలా మంచి పని చేశామనుకున్నాను. ఒకరోజు ఆయన అన్నాడు: “మందులకైతే ఫర్వాలేదమ్మా. షేవింగ్ క్రీమో సబ్బో కొనాలంటే మీరు తెచ్చింది తీసుకోవడమే. మీ దగ్గర ఏమేం ఉన్నాయో నేను ఇంతవరకు చూడలేదు.” ఆరేళ్లుగా మా షాపుకి వస్తున్న మనిషి ఆయన. ఆ మాటతో నాకు నిద్రపట్టలేదు. ఇప్పుడు వీడియో కాల్‌లో అరలన్నీ చూపిస్తున్నాం. ఆయన “ఆ పక్కది, ఇంకాస్త పైకి” అంటుంటే మా కుర్రాడు ఫోను తిప్పుతాడు. ఇది సర్దుబాటే, పరిష్కారం కాదు.

పక్క కొట్టువాళ్లతో మాట్లాడాం. రెండు షాపుల ముందు కలిపి గోడవారగా తొమ్మిదేసి అడుగులు, మధ్యలో బండి తిరిగే చోటు పెట్టి మలుపు తిప్పితే కుదురుతుందేమోనని ఆలోచన. మేస్త్రీ ఆదివారం కొలతలకి వస్తానన్నాడు. మూడు చక్రాల బండాయన్ని కూడా ఆ టైముకే రమ్మన్నాం. మలుపు దగ్గర ఎంత చోటు కావాలో ఆయనే బండి తిప్పి చూపిస్తానన్నాడు.